మార్చి లోపల రెండు డోసులు

నరసన్నపేట,
ముక్కనుమ

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాం. జర్మనీలో మీ ఫ్రైబుర్గ్ పక్కన బ్లాక్ ఫారెస్ట్‌లో మోకాలెత్తు గడ్డిలో నిలబడ్డ ఫోటో అమ్మకి తెగ నచ్చింది. పండక్కి వచ్చినవాళ్లందరికీ చూపించింది. నాకు మాత్రం నీకన్నా ముందు ఆ గడ్డే కంటబడింది. సర్వీసంతా పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసినవాణ్ణి, గడ్డి చూస్తే పశువుల్ని పట్టి రక్తం పీల్చే పిడుదులే గుర్తొస్తాయి.

మొన్న ఫోన్లో అడిగితే ఏమన్నావు? "ట్రెక్కింగ్ గ్రూపులో వాళ్లు ఏదో టీకా వేయించుకోమన్నారు నాన్నా. నేను ఫుల్ ప్యాంటు వేసుకుంటా, స్ప్రే కొట్టుకుంటా, పిడుదు కనిపిస్తే పీకేస్తా, చాల్లే" అన్నావు. నేను నోరు తెరిచేలోపు నీకు క్లాసుకి టైమైపోయింది. అందుకే ఈ ఉత్తరం.

ఆ జబ్బు పేరు టిక్ బోర్న్ ఎన్‌సెఫలైటిస్. అక్కడ ఎఫ్‌ఎస్‌ఎంఈ అంటే చాలు, ఏ డాక్టరుకైనా తెలుస్తుంది. పిడుదు కుట్టడం వల్ల వచ్చే మెదడువాపు అది. మన వైపు మెదడువాపు అనగానే దోమలూ పందులూ గుర్తొస్తాయి. అది జపనీస్ రకం, వేరే వైరస్. దాని టీకా దీనికి పనిచెయ్యదు. అమ్మకి చెబితే "అదేటి, ఆ దేశంలో కూడా పిడుదులుంటాయా?" అంది. ఉండటమే కాదు, నువ్వున్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం దాదాపు అంతా, పక్కనున్న బవేరియా దాదాపు అంతా ఈ జబ్బు ఉన్న ప్రాంతాలుగా అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. వేసవిలో మీరు వెళ్తామంటున్న ఆస్ట్రియాలోనూ ఉంది. అక్కడ 1981 నుంచే జనానికి పెద్ద ఎత్తున ఈ టీకా వేస్తున్నారు.

"పీకేస్తే సరి" అన్నావు చూడు, నా పేచీ అంతా ఆ మాట మీదే. పిడుదుల వల్ల వచ్చే లైమ్ అనే ఇంకో జబ్బు ఉంది. దాని క్రిమి ఒంట్లోకి దిగడానికి చాలా గంటలు పడుతుంది కాబట్టి వెంటనే పీకేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. ఈ వైరస్ అలా కాదు. అది పిడుదు ఉమ్మిలోనే ఉంటుంది, కుట్టిన కొద్ది నిమిషాల్లోనే లోపలికి పోతుంది. నువ్వు గదికొచ్చి బట్టలు మార్చుకుంటూ చూసుకునేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. పైగా కుట్టినప్పుడు నొప్పి తెలీదు. పిల్ల పిడుదైతే గసగసాల గింజంతే ఉంటుంది, చంకలోనో మోకాలి మడతలోనో చేరితే ఎవరికి కనిపిస్తుంది? ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి అసలు పిడుదు కుట్టిన సంగతే గుర్తుండదు.

నిన్ను భయపెట్టాలని కాదు. అక్కడ కూడా ప్రతి పిడుదులోనూ వైరస్ ఉండదు, వందలో ఏ కొన్నింటిలోనో ఉంటుంది. వైరస్ ఎక్కినా చాలామందికి ఏమీ కాదు. జబ్బు పడ్డవాళ్ల సంగతే వేరు. సాధారణంగా ఒకటి రెండు వారాలకి జ్వరం, తలనొప్పి, నీరసం వస్తాయి, మామూలు ఫ్లూ అనుకుంటారు. తగ్గిపోతుంది. ఓ వారం బాగానే తిరుగుతారు. ఆ తర్వాత కొందరికి మళ్లీ పెద్ద జ్వరం, మెడ పట్టేయడం, మాట తడబడటం, చేతులు కాళ్లు పడిపోవడం దాకా వెళ్తుంది. యూరప్ రకంలో ప్రాణం పోయేది నూటికి ఒకరిద్దరికి. కానీ బతికినవాళ్లలో కొందరికి జ్ఞాపకశక్తి, నడక నెలల తరబడి, ఒక్కోసారి ఎప్పటికీ మునుపటిలా రావు.

నారాయణవలస సంతలో కొనుక్కొచ్చిన ఆవులు పిడుదు జ్వరంతో ఎర్రగా మూత్రం పోస్తుంటే ఎన్నిసార్లు చూశానో. బెరెనిల్ ఇంజెక్షన్ పడితే రెండు రోజుల్లో మేతకి లేచేవి. ఈమధ్య మన వైపు అందరూ హడలిపోతున్న, చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా టైముకి డాక్సీసైక్లిన్ మాత్ర పడితే లొంగుతుంది. నువ్వున్న చోట ఉన్న ఈ వైరస్‌కి మాత్రం మందు లేదు. ఆసుపత్రిలో పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉండటమే. అందుకే టీకా కోసం ఇంత గొడవ పెడుతున్నాను. ఇలాంటి వైరస్ మన పక్క రాష్ట్రంలోనూ ఉంది తెలుసా? 1957లో కర్ణాటక షిమోగా జిల్లా క్యాసనూర్ అడవిలో కోతులు చచ్చిపోతుంటే బయటపడింది. అదీ పిడుదులదే, దీనికి చుట్టమే.

ఇక లెక్క. మొదటి డోసు ఈ నెలాఖరులోగా వేయించుకో. రెండోది ఒకటి నుంచి మూడు నెలల్లో అంటారు, నువ్వు నెలకే అడుగు, ఫిబ్రవరి ఆఖరుకి అయిపోతుంది. అక్కడ పిడుదులు చలి తగ్గగానే లేస్తాయి, ఏప్రిల్ నుంచి నవంబరు దాకా జోరు. రెండో డోసు తర్వాత రెండు వారాలు దాటితే ఈ సీజనుకి ధైర్యం. ఆలస్యమైతే రెండు డోసులూ పద్నాలుగు రోజుల తేడాతో వేసే పద్ధతి కూడా ఉంది. మూడోది మాత్రం అందరూ మర్చిపోయేది. కంపెనీని బట్టి అయిదు నుంచి పన్నెండు నెలల్లో వేస్తారు, అది పడితేనే గట్టిగా నిలుస్తుంది. ఆ తర్వాత మూడేళ్లకి ఒక బూస్టరు, అక్కణ్ణుంచి అయిదేళ్లకోసారి. డబ్బుల గురించి ఆలోచించకు. జబ్బున్న ప్రాంతంలో ఉండేవాళ్లకి అక్కడి ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్సే కడుతుంది. చెయ్యి నొప్పి, ఒకరోజు ఒళ్లు వెచ్చబడటం మామూలే, పరీక్ష ముందురోజు మాత్రం వేయించుకోకు.

టీకా వేయించుకున్నా ఫుల్ ప్యాంటు, స్ప్రే మానకు, లైమ్‌ని ఈ టీకా ఆపదు. ప్యాంటు సాక్సులోకి దోపుకో. చెట్ల మీద నుంచి దూకుతాయని ఎవరైనా చెబితే నమ్మకు, గడ్డి కొసన ముందు కాళ్లు చాపి కూర్చుంటాయి, మనం రాసుకుంటూ వెళ్తే ఎక్కుతాయి. పట్టుకుంటే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నెమ్మదిగా నిటారుగా లాగు. కిరోసిన్, నూనె, అగ్గిపుల్ల, మన ఊరి వైద్యాలేవీ వద్దు. పొట్ట నొక్కావంటే దాని లోపలున్నదంతా నీలోకి కక్కుతుంది.

ఇంకోటి. కొండ మీద ఫారంలో మేకపాలు పితికి అక్కడికక్కడే ఇస్తున్నారని మురిసిపోతూ చెప్పావు. పచ్చిపాలు తాగకు. పిడుదు కుట్టిన మేక పాలలోనూ ఈ వైరస్ వస్తుంది. ఇక్కడ పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలని అమ్మ కూతురివి, అక్కడా కాచుకునే తాగు.

డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఈ వారంలోనే అడుగు, దొరకడానికి టైము పడుతుందని నువ్వే అన్నావు. డోసు పడ్డాక టీకాల పసుపు పుస్తకంలో ఆ పేజీ ఫోటో వాట్సాప్‌లో పెట్టు. అరిసెలు, జీడిపప్పు నిన్ననే పార్సిల్ చేశాం. అందగానే ఫోన్ చెయ్యి, అమ్మ రోజూ అడుగుతోంది.

నాన్న