వార్షిక నివేదిక: మన కార్యదర్శి కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడ్డ ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఏళ్ల తరబడి మన కాల్వలు, వీధిదీపాలు, ఫిర్యాదుల పుస్తకం చూసుకుంటూ వచ్చిన మన నివాసుల సంఘం కార్యదర్శి ఈ ఏడాది నగర కౌన్సిల్‌కు పోటీ చేస్తున్నారు. ఆవిడ గెలవాలని కోరుకునే సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. అది ఎవరి ఇష్టం వారిది. సంఘం మాత్రం ఏ అభ్యర్థి పక్షమూ కాదు. అందుకే ఈ ఏడాది కమిటీ ఎక్కువ సమయం రెండు పనులకే వెచ్చించింది: సంఘాన్ని ప్రచారానికి దూరంగా ఉంచడం, ఆవిడకు తెలిసిన పనిని మిగతావాళ్లకు అందించడం.

నామినేషన్‌కు ముందే ఆవిడ పదవికి రాజీనామా చేశారు. సెలవు పెడితే చాలదా అని కొందరు అడిగారు. చాలదు. సెలవులో ఉన్నా బ్యాంకు ఖాతాలో సంతకం ఆవిడదే ఉంటుంది, వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్‌గా కూడా ఆవిడే ఉంటారు. రాజీనామా ఆమోదించిన తీర్మానం నకలు జతచేసి, సంతకందారు మార్పుకు బ్యాంకులో దరఖాస్తు ఇచ్చాం. కొత్త సంతకం నమోదు కాకముందే పాతది తీయించేస్తే మధ్యలో చెక్కులు ఆగిపోతాయి. కాబట్టి రెండు మార్పులూ ఒకే దరఖాస్తులో అడగాలి. గ్రూపులోనూ అంతే: ముందు ఇద్దరు కొత్త అడ్మిన్లు, ఆ తర్వాతే పాత అడ్మిన్ తప్పుకోవడం. సభ్యుల ఫోన్ నంబర్లు ప్రచారానికి ఇవ్వలేదు, ఎవరడిగినా ఇవ్వం. సంఘం పని కోసమని నమ్మి ఇచ్చిన నంబర్లవి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ ఫిర్యాదుల పుస్తకం దగ్గర పడింది. ఎక్కడ ఏం రాస్తే పని జరుగుతుందో ఆవిడకు నోటికి వచ్చు, పుస్తకంలో మాత్రం లేదు. ఇప్పుడు రాయించాం. ఉదాహరణకు, ‘దీపం వెలగడం లేదు’ అని మాత్రమే రాస్తే వచ్చిన మనిషి సరైన సామాను లేక వెనక్కి వెళ్లిపోతాడు. స్తంభం నంబరు రాయాలి. ఒక్క దీపమే ఆరిందా, వరసంతా ఆరిందా అన్నది రాయాలి. ఒక్కటే అయితే లోపం సాధారణంగా ఆ దీపంలోనో, దాని డ్రైవర్‌లోనో (దీపానికి తగిన కరెంటు అందించే భాగం) ఉంటుంది. వరసంతా పోతే ఫ్యూజు, టైమరు, కేబులు చూడాలి. పగలు కూడా వెలుగుతుంటే సెన్సర్ చూడమని రాయాలి, దానిమీద దుమ్ము పేరుకున్నా, కొమ్మల నీడ పడినా అలా అవుతుంది.

కాల్వల విషయంలో ‘పూడిక తీయాలి’ అని రాస్తే సగం పనే అడిగినట్టు. తీసిన మట్టిని గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ కాల్వలో పడుతుంది. ‘తీసి, తరలించాలి’ అని రాయాలి. నీరు బయటికి పోయే పల్లపు చివర నుంచి మొదలుపెట్టి ఎగువకు రావాలి, లేకపోతే నిలిచిన నీటిలోనే పని చేయాల్సి వస్తుంది. జాలీ పైన చెత్త ఏరితే సరిపోదు, జాలీ ఎత్తి కింది గుంత ఖాళీ చేయించాలి. రోడ్డు గుంతల సంగతీ ఇలాంటిదే. తడిలో వేసిన తారు పట్టదు. అంచులు నిలువుగా కోసి, దుమ్ము ఊడ్చి, అడుగున తారు పూత వేసి, నింపాక బాగా దిమ్మిస చేయాలి. ఇవేవీ చేయకుండా పోసి వెళ్లిపోతే కొద్ది రోజుల్లోనే లేచిపోతుంది. ప్రతి ఫిర్యాదుకూ నంబరు, తేదీ, ఒకే చోట నిలబడి పనికి ముందొకటి, తర్వాతొకటి తీసిన ఫోటోలు ఉండాలి.

నామినేషన్ ఆవిడ సొంత వ్యవహారం. అయినా సంతకాలు చేసే సభ్యులు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నిబంధనలు నగరాన్ని బట్టి మారతాయి. ప్రతిపాదకుల (అభ్యర్థి పేరును ప్రతిపాదించే ఓటర్ల) సంతకాలు అడిగే చోట అవి చెల్లకపోయేది తరచూ ఈ కారణాలతోనే: సంతకం చేసినవారి పేరు ఆ వార్డు ఓటర్ల జాబితాలో లేకపోవడం, ఇల్లు మారాక చిరునామా సరిచేసుకోకపోవడం, ఇంట్లోవాళ్ల బదులు ఒకరే సంతకాలు పెట్టడం. ఒకే పదవికి ఇద్దరు అభ్యర్థులకు సంతకం చేస్తే చాలాచోట్ల చిక్కే. అందుకే ముందుగా జాబితాలో మీ పేరు, చిరునామా చూసుకోండి.

అభ్యర్థుల సభ పెట్టేటప్పుడు బరిలో ఉన్న అందరికీ ఒకే రోజున, ఒకే మాటలతో ఆహ్వానం పంపాలి. ప్రశ్నలు అందరికీ ఒకటే, జవాబుకు 2 నిమిషాలు, మాట్లాడే వరస చీటీలు తీసి నిర్ణయించాలి. వేదిక మీద మన బ్యానరు ముందు ఒక్క అభ్యర్థి ఫోటో దిగితే చాలు, మర్నాటికల్లా అది సంఘం మద్దతుగా చెలామణీ అవుతుంది. అందుకని బ్యానరును వేదిక వెనక కాక, హాలు గుమ్మం దగ్గర కట్టాలని తీర్మానించాం. సంఘంలో తాను చేసిన పనుల గురించి ఆవిడ చెప్పుకోవచ్చు, అవి జరిగినవే. కరపత్రంలో సంఘం ముద్ర మాత్రం వేయకూడదు. ఈ సంగతి ఆవిడే మనకంటే ముందు అన్నారు.

ఆవిడ గెలిస్తే మన పనులన్నీ వెంటనే అయిపోతాయని ఆశిస్తున్నవారికి ఒక మాట. కౌన్సిల్‌లో ఆవిడది ఒక్క ఓటు. కాల్వ కట్టాలంటే అంచనా, బడ్జెట్‌లో కేటాయింపు, టెండరు, పని ఉత్తర్వు, ఇన్ని దాటాలి. మన సంఘానికి సంబంధించిన నిధి చర్చకు వచ్చిన రోజున ఆవిడ తన సంబంధం బయటపెట్టి, ఓటుకు దూరంగా ఉండాల్సి రావచ్చు. మనం ఆవిడను ఆ ఇరకాటంలో పెట్టకూడదు. ఫిర్యాదులు ఇకపైనా మామూలు దారిలోనే, పుస్తకంలోంచే వెళ్లాలి.

మిగిలిన పని: నీటి వాల్వుల పటం సగమే గీశాం. ఏ వాల్వు ఏ వీధిది, ఎన్ని చుట్లు తిప్పితే పూర్తిగా మూసుకుంటుంది అన్నది ఇంకా ఆవిడకు మాత్రమే తెలుసు. ప్రచారం జోరందుకునేలోపు ఇద్దరు సభ్యులు ఆవిడతో కలిసి తిరిగి, ఒక్కొక్కటీ చూసి రాసుకోవాలి. రాగలిగినవాళ్లు పేర్లు ఇవ్వండి.

— కార్యవర్గం