వరద రోజున మీ దగ్గర డబ్బు తీసుకున్న సంగతి, ఇంకా కొన్ని మార్పులు

అక్టోబర్ రెండో వారంలో ఒక గురువారం నాతో స్కాట్లాండ్‌లోని ట్వీడ్ నదికి సాల్మన్ చేపల వేటకు వచ్చిన నలుగురికీ ముందుగా క్షమాపణ. మిగతావారు కూడా చదవండి. ఆ రోజు నేను చేసిన పని వల్లే మా పద్ధతులు కొన్ని మారుతున్నాయి.

ఆ తెల్లవారుజామున ఐదింటికి లేచి ఫోనులో నీటిమట్టం చూశాను. ఏ నది ఎంత ఎత్తున పారుతోందో స్కాట్లాండ్ పర్యావరణ సంస్థ ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో పెడుతుంది. రాత్రంతా ఎగువ కొండల్లో వాన. మట్టం అప్పటికే రెండడుగులు పెరిగింది, ఇంకా పెరుగుతోంది. నీళ్లు పెరుగుతున్నంతసేపు సాల్మన్ గాలం జోలికి రావడం అరుదు, బురద నీళ్లయితే దానికి ఫ్లై, అంటే వెంట్రుకలు చుట్టి కట్టిన గాలం, కనిపించనే కనిపించదు. ఇది తెలియడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. మీరు వచ్చింది తొమ్మిదింటికి. ఆ నాలుగు గంటల్లో ఒక్క ఫోను చేసి, ఈ రోజు వద్దని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. మిమ్మల్ని గట్టు మీద నిలబెట్టి, పదిహేను అడుగుల గాలపు కర్రను రెండు చేతులతో ఎలా విసరాలో సాయంత్రం దాకా నేర్పి, దానికి శిక్షణ అని పేరు పెట్టి పూర్తి డబ్బు తీసుకున్నాను. వెళ్లేటప్పుడు మీలో ఒకరు చాలా నేర్చుకున్నామని నా చెయ్యి పట్టుకుని ఊపారు కూడా. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఎందుకలా చేశానో చెబుతాను, సమర్థించుకోవడానికి కాదు. ఈ నదిలో ఎవరు పడితే వారు గాలం వేయడానికి లేదు. ఒడ్డు పొడవునా బీట్లు అనే భాగాలున్నాయి, ఒక్కో బీటుకు ఒక యజమాని. నాకు కావలసిన రోజులకు నెలల ముందే అద్దె కట్టాలి. వరద వచ్చినా ఆ డబ్బు తిరిగి రాదు. అందులోనూ ఆకురాలు కాలపు రోజులంటే ట్వీడ్‌లో గిరాకీ ఎక్కువ. స్పే నది సెప్టెంబర్ 30తో, టే అక్టోబర్ 15తో సాల్మన్ వేటకు మూతపడతాయి, ట్వీడ్ మాత్రం నవంబర్ 30 దాకా తెరిచే ఉంటుంది. మిమ్మల్ని రావద్దంటే అద్దె భారం నా నెత్తిన పడుతుంది. అందుకని దాన్ని మెల్లగా మీ నెత్తికి మార్చాను.

ఆ నలుగురికీ సగం డబ్బు ఈ వారంలో పంపుతున్నాను. ఇకపై ముందురోజు రాత్రి ఎనిమిదింటికి నేనే ఫోను చేస్తాను. నది పాడయ్యేలా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మరో రోజుకు మార్చుకోవచ్చు, లేదా సగం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. మిగతా సగం అద్దె కిందికి పోతుంది, అది చాలకపోతే ఆ లోటు నాది. తెల్లారేసరికి నది మళ్లీ పెరిగితే ఏమిటని అడగవచ్చు. అప్పుడు ఐదింటికి ఇంకో ఫోను వస్తుంది. నిద్ర చెడుతుంది, ఓర్చుకోండి.

ఇక చేపల సంగతి. ఈసారి సెప్టెంబర్ మధ్య నుంచి మా పుస్తకంలో 19 రోజులు నమోదయ్యాయి, సాల్మన్లు ఏడు. అందులో నాలుగు ఒకే వారంలో, వరద తీసి నీళ్లు పాలు పోయని టీ రంగుకు వచ్చిన రోజుల్లో పడ్డాయి. అంటే చాలామంది ఖాళీ చేతులతో వెళ్లారు. ఇది మా ఒక్కరి దురదృష్టం కాదు. 2010లో స్కాట్లాండ్ నదులన్నిటిలో కలిపి గాలానికి లక్షకు పైగా సాల్మన్లు పడ్డాయి. 2023లో ఆ లెక్క 33 వేల దగ్గర ఆగింది, 1952లో లెక్కలు మొదలుపెట్టాక అంత తక్కువ ఎప్పుడూ లేదు. సముద్రానికి వెళ్లిన సాల్మన్ పిల్లల్లో బతికి తిరిగొచ్చేవి తగ్గిపోయాయి. ట్వీడ్‌లో అయితే దెబ్బ ముఖ్యంగా ఆకురాలు కాలపు చేపల మీదే పడింది. ఒకప్పుడు ఈ నదికి పేరు తెచ్చినవి అవే. కెల్సో దగ్గర టీవియట్ వచ్చి కలిసే మడుగులో చేపలు వరసగా ఎగిరేవని పాత పడవవాళ్లు చెబుతుంటే, ఈ తరం కుర్రాళ్లు మర్యాదగా తల ఊపి వింటారు.

అందుకే మొదటిసారి వచ్చేవారు పాత ఫోటోలు చూపించి ఇలాంటిది పడుతుందా అని అడిగితే నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఎక్కువగా చూపించేది జార్జినా బాలంటైన్ ఫోటో. 1922 అక్టోబర్‌లో టే నదిలో ఆమె పట్టిన చేప 64 పౌన్లు, అంటే 29 కిలోలు. అది ఫ్లైకి పడింది కాదు, ఎరకు పడింది. ఫ్లైకి పడిన గొప్ప చేప కావాలంటే 1924 అక్టోబర్‌లో డెవరాన్ నదిలో మిసెస్ మోరిసన్ పట్టిన 61 పౌన్లది ఉంది. ఇద్దరూ మహిళలే. భార్యను గట్టు మీద కూర్చోబెట్టి తాను మాత్రమే నదిలోకి దిగే పెద్దమనుషులకు ఈ సంగతి చెప్పడం నాకు సరదా. కానీ నేను మీకు అమ్మేది అలాంటి చేపను కాదు. నదిలో ఒక రోజు, ఒక కర్ర, పక్కన ఒక మనిషి, అంతే.

ఆకుల గురించి కూడా ముందే చెప్పాల్సింది. సెప్టెంబర్ 15 నుంచి ట్వీడ్‌లో ఫ్లై తప్ప మరే గాలమూ వాడకూడదు. ఫ్లై అంటే ఈగే గానీ, ఈ కాలంలో మేం కట్టేది ఏ ఈగనూ పోలి ఉండదు. ఇత్తడి గొట్టానికి నలుపు, నారింజ, పసుపు వెంట్రుకలు చుట్టిన విల్లీ గన్ అనే రకం అది. ప్రవాహానికి అడ్డంగా విసిరి, దాన్ని వాలుగా తిరగనిచ్చి, ఒక అడుగు దిగువకు వేసి మళ్లీ విసరాలి. సాల్మన్ నదిలోకి వచ్చాక ఏమీ తినదు, సముద్రంలో పట్టించిన కొవ్వుతోనే బతుకుతుంది. ఆకలి లేనిదాని నోటికి గాలం అందించడమే మా వృత్తి. ఎప్పుడో ఒకసారి, చిరాకో పాత అలవాటో గానీ, నోరు తెరుస్తుంది. అప్పుడు లైను బరువెక్కుతుంది. గాలులు మొదలయ్యాక అరచేయంత సికమోర్ ఆకు కొక్కేనికి తగిలినా అచ్చం అలాగే బరువెక్కుతుంది. ఒకాయన ఒక్క ఉదయంలో పదకొండుసార్లు ఊపిరి బిగబట్టి, పదకొండు ఆకులు ఒడ్డుకు తెచ్చారు. పన్నెండోది కూడా ఆకే అనుకుని విసుగ్గా కర్ర లాగితే, అవతల తెల్లగా మెరిసి జారిపోయింది. బరువు తగిలాక కర్ర ఎత్తకుండా, రీలు తిరిగేదాకా ఆగాలని ఆయనకు పొద్దున్నే చెప్పాను. చెప్పడం తేలికే. పదకొండు ఆకుల తర్వాత నేనైనా లాగేవాణ్నేమో.

ఇంకో మార్పు మీలో కొందరికి నచ్చదు. వచ్చే ఏడు నుంచి నవంబర్ 15 తర్వాత నేను ఎవరినీ నదికి తీసుకెళ్లను. చట్టం 30 దాకా ఒప్పుకుంటుంది. ఆ పదిహేను రోజుల ఆదాయంతోనే చలికాలం గడుపుకునే గిల్లీలు, అంటే నాలా వేటకు తోడు వెళ్లేవాళ్లు, ఉన్నారు, వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. నా కారణం వేరు. కిందటి ఏడాది నవంబర్ చివరి వారంలో ఒక ఆడచేప పడింది. వెండి రంగు ఎప్పుడో పోయింది, రాగి చెంబులా ఉంది. వల నీళ్లలోనే ఉంచి, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి కొక్కెం తీస్తున్నాను. మెత్తబడిన పొట్ట నా చేతికి ఆనిందో లేదో, రెండు నారింజ రంగు గుడ్లు బయటికి జారాయి. చిన్న బఠాణీ గింజలంత ఉంటాయి. ఒకటి నా వేలికి అంటుకుంది, రెండోది నీళ్లలో కొట్టుకుపోయింది. చేప నిమిషంలో తేరుకుని వెళ్లిపోయింది. మరికొన్ని రోజుల్లో తోకతో గులకరాళ్లు తవ్వి గుంట చేయాల్సిన చేప అది, అప్పటికే నెలల తరబడి ఉపవాసం. దాని బలంలో పావుగంట నేను వాడుకున్నాను. నాతో వచ్చినాయన ఫోటో అడిగారు, నేను వద్దన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఆయనకూ ఇప్పుడు కారణం తెలుస్తుంది.

పడిన ప్రతి చేపనూ వదిలేయడం మా దగ్గర ముందు నుంచీ ఉన్నదే. ముల్లు లేని కొక్కేలు, ముడులు లేని వల, తడిచేతులు. ఫోటో కావాలంటే చేప నీళ్లలో ఉండగానే. ఒకటైనా ఇంటికి తీసుకెళ్లి నెల ముందు చెప్పిన బంధువులకు పెట్టాలనుకునేవారు దయచేసి వేరేవారి దగ్గరికి వెళ్లండి. అమ్ముకుందామని అనుకునేవారు ఎక్కడికీ వెళ్లకండి, గాలానికి పడ్డ సాల్మన్ అమ్మడం స్కాట్లాండ్‌లో 2002 నుంచి నేరం.

నదిలో దిగడానికి ఇచ్చే నీటి ప్యాంట్లలో మూడు కారుతున్నాయని అందరూ చెప్పారు. సాయంత్రం మీలో ఒకరు ఎడమ మేజోడు పిండుతుంటే కళ్లారా చూశాను. మూడూ పారేసి కొత్తవి తెప్పించాను. ఆ ఖర్చు, పెరిగిన అద్దె కలిసి రోజుకు 25 పౌండ్లు పెంచక తప్పడం లేదు. ఇప్పటికే బయానా ఇచ్చినవారికి పాత ధరే.

ఆదివారాలు అడగవద్దు, ఆ రోజు సాల్మన్ పట్టడానికి చట్టం ఒప్పుకోదు. వచ్చే ఏడు సెప్టెంబర్ చివర్లో నాలుగు రోజులు, అక్టోబర్‌లో తొమ్మిది ఖాళీగా ఉన్నాయి. రాసేటప్పుడు కాళ్ల కొలత కూడా రాయండి, ఉన్ని మేజోళ్లు రెండు జతలు తెచ్చుకోండి.