పెట్టెలో లేని నపీర

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో చిన్న సింథసైజర్ల (శబ్దాలను మనమే మలుచుకోగల ఎలక్ట్రానిక్ కీబోర్డుల) గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. మర్నాటి నుంచే నా దగ్గర కీబోర్డ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తున్నారు. "సార్, మా పిలగానికి గా పెట్టె కొనమంటరా?" అని. హసన్‌పర్తి దిక్కు నుంచి ఒక రైతు బండి మీద వచ్చి మరీ అడిగాడు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన డబ్బులోంచి ముప్పై వేలు కొడుకు కీబోర్డ్ కోసం పక్కన పెట్టాడట. అలాంటి డబ్బు విషయంలో నోటికొచ్చిన జవాబు చెప్పలేక, రెండు రోజులు ఆగమన్నాను. ఆయనకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

నాకీ వాయిద్యంతో ముప్పై ఏళ్లు దాటిన పరిచయం. మా నాన్న కాజీపేట రైల్వేలో పనిచేసేవాడు, సాయంత్రాలు క్వార్టర్స్ భజన మండలిలో హార్మోనియం వాయించేవాడు. నేను చేతులు పెట్టింది ఆ మెట్ల మీదే. 1991లో జగిత్యాల నుంచి దుబాయ్ పోయిన మా మేనబావ సెలవుల్లో వస్తూ ఒక పాత కాసియో సీజెడ్-101 తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అక్కడెవరో అమ్మేస్తుంటే కొన్నాడట. 49 చిన్న మెట్లు. స్పీకర్ లేదు. టార్చిలైట్‌లో వేసే పెద్ద సెల్లు ఆరు వేస్తే నడుస్తుంది. గిటార్‌కు ఉన్నట్టు పట్టీ తగిలించుకునే గుబ్బలు కూడా ఉన్నాయి, భుజానికి వేసుకుని నిలబడి వాయించవచ్చు. కంపెనీవాళ్లు పెట్టిన టోన్లు (ఫ్లూట్, సన్నాయి లాంటి ఒక్కో రకం శబ్దం) 16, మనం చేసుకుని దాచుకోవడానికి ఇంకో 16 చోట్లు. ఆ ఖాళీ చోట్లను చూసినప్పుడు నాకేమీ అర్థం కాలేదు. టోన్ మనం చేయడమేంటి, అది మిషన్‌లోనే ఉంటుంది కదా అనుకున్నాను.

ఇప్పటికీ చాలామంది అలాగే అనుకుంటారు కాబట్టి రెండు మాటలు. 1970లో వచ్చిన మినీమూగ్ అనే సింథసైజర్‌కు మెమరీ లేదు. మంచి శబ్దం కుదిరితే నాబ్‌లు ఏ కోణంలో ఉన్నాయో కాగితం మీద గీసి పెట్టుకోవలసిందే. 1978లో డేవ్ స్మిత్ తెచ్చిన ప్రాఫెట్-5లో అలా కుదుర్చుకున్న శబ్దాలు 40 దాచుకుని, మీట నొక్కి తిరిగి పిలుచుకునే వీలు వచ్చింది. మనం మలిచిన శబ్దాన్ని మిషన్ గుర్తు పెట్టుకుంటుంది, ప్రోగ్రామబుల్ అంటే అంతే. ఈ రోజుల్లో సంచిలో పట్టేవి కూడా ఆ పని చేస్తున్నాయి. 2002లో వచ్చిన మైక్రోకార్గ్‌లో 128 టోన్లు దాచుకోవచ్చు. 2015లో వచ్చిన యమహా రెఫేస్ డీఎక్స్‌లో 32. రెండింటికీ 37 చిన్న మెట్లే, రెండూ ఆరు ఏఏ సెల్లతో నడుస్తాయి.

సెల్లతో నడవడాన్ని చిన్న విషయమనుకోవద్దు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో మా బృందం కూర్చున్న ఏడాది రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. ఒక పక్క పట్నాలు (మల్లన్న కొలుపులో వేసే రంగుల ముగ్గులు) వేస్తున్నారు, ఒగ్గు పూజారులు కథ మధ్యలో ఉన్నారు. మైకుసెట్టు కారు బ్యాటరీ మీదకు మార్చారు, నా పెట్టె ఎలాగూ సెల్లతోనే నడుస్తోంది. కథ ఆగలేదు. పక్క పందిట్లో కరెంటు కీబోర్డ్ పెట్టుకున్నవాళ్లు గంటన్నర ఊరికే కూర్చున్నారు.

ఆ రాత్రే ఇంకొకటి జరిగింది. మా బృందంలో నపీర (సన్నాయి లాంటి వాయిద్యం) ఊదే తాత ఉండేవాడు. ఆ ఏడాదికి ముందు పళ్లు ఊడిపోయి, దమ్ము వచ్చి ఊదడం మానేశాడు. అయినా జాతరకు వచ్చి ఒక మూల కూర్చునేవాడు. నేను కంపెనీ టోన్లలో సన్నాయికి దగ్గరగా ఉన్నదేదో పెట్టి వాయిస్తుంటే దగ్గరికి వచ్చి, "బిడ్డా, గిది నపీర గాదు. గిండ్ల ఊపిరి లేదు" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఏం తక్కువైందో చెప్పమన్నాను. నపీర స్వరం మీద నేరుగా వచ్చి కూర్చోదట. కొంచెం కింద మొదలై, బుగ్గల్లో గాలి నిండేకొద్దీ పైకి ఎక్కుతుంది. మొదట మూసుకుపోయినట్టుండి తర్వాత విచ్చుకుంటుంది. నోటితో ఊది చూపించాడు, గాలి తప్ప శబ్దం రాలేదు.

తర్వాతి నెలంతా సీజెడ్ ముందు కూర్చున్నాను. అందులో స్వరం ఎత్తుకు, గరుకుదనానికి, గట్టితనానికి మూడు వేర్వేరు ఎన్వలప్‌లు (మెట్టు నొక్కినప్పటి నుంచి శబ్దం ఎలా మారుతూ పోవాలో చెప్పే అమరికలు) ఉంటాయి, ఒక్కోదానిలో ఎనిమిది దశల వరకు దారి గీయవచ్చు. మొదటిదాంట్లో స్వరాన్ని అర మెట్టు కంటే తక్కువ కిందనుంచి ఎక్కించాను. రెండోదాన్ని మెల్లగా తెరిచాను. ఒకే టోన్‌ను రెండు వరుసలుగా పెట్టి, రెండో వరుసను పిసరంత శ్రుతి తప్పించాను, నపీరకు ఉండే ఆ కరకరలాడే అంచుకు కొంత దగ్గరగా వచ్చింది. ప్రతి ఆదివారం తాత ఇంటికి ఆ పెట్టె మోసుకుపోయి వినిపించేవాణ్ని. మూడు వారాలు తల అడ్డంగా ఊపాడు. నాలుగో వారం ఏమీ అనకుండా కళ్లు మూసుకుని, మోకాలి మీద వేళ్లతో రంధ్రాలు మూస్తూ తెరుస్తూ కూర్చున్నాడు. నేను వాయించే పాటకు ఆ వేళ్లు సరిగ్గా పడుతున్నాయి.

అందుకే చెబుతున్నాను, ఈ చిన్న పెట్టెల అసలు విలువ వాటిలో ముందే ఉన్న టోన్లలో లేదు. ఇప్పుడు పెళ్లిళ్లలో వాయించే కుర్రాళ్లు పెన్‌డ్రైవ్‌లో టోన్ సెట్లు కొనుక్కొచ్చి ఎక్కించుకుంటున్నారు. నర్సంపేటలో పెళ్లికి వెళ్లినా, పరకాలలో రిసెప్షన్‌కు వెళ్లినా అదే ఫ్లూట్, అదే సన్నాయి. వాళ్లను తప్పుపట్టను, రేపటి ప్రోగ్రామ్ టెన్షన్‌లో ఉన్నవాడికి నెల రోజులు కూర్చునే తీరిక ఎక్కడిది? పెద్దపెద్దవాళ్లు కూడా ఇక్కడే ఆగిపోయారు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనుక్కున్న ఎఫ్ఎం పద్ధతితో (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని మార్చి శబ్దం పుట్టించడం) యమహా 1983లో డీఎక్స్7 తెచ్చింది. తరంగాలు పుట్టించే భాగాలు (ఆపరేటర్లు) ఆరు, వాటిని కలిపే తీరులు 32. అంత శక్తి ఉన్నా, చిన్న తెర మీద ఒక్కో అంకె మార్చుకుంటూ పోలేక ఎక్కువమంది కంపెనీ టోన్లతోనే సరిపెట్టుకున్నారని చెప్పుకుంటారు. కానీ మన నపీర, జమిడిక, కిన్నెర కంపెనీ టోన్లలో నాకు ఇంతవరకు కనపడలేదు. మనం చేసుకోకపోతే అవి ఆ పెట్టెల్లోకి రావు.

నష్టాలూ ఉన్నాయి. చిన్న మెట్ల మీద నా వేళ్లకే ఇబ్బంది, నల్ల మెట్టు నొక్కబోతే పక్కది కూడా పడుతుంది. దాని మీదే నేర్చుకున్న పిల్లవాడు మామూలు 61 మెట్ల కీబోర్డ్ ముందు కూర్చుంటే దూరాలు అంచనాకు అందవు. 37 మెట్లంటే మూడు స్థాయిలు. భజనలో ఒక చేత్తో హార్మోనియంలా వాయించడానికి చాలు, రెండు చేతులతో వాయించే పాటకు చాలదు. మైక్రోకార్గ్‌లో ఒకేసారి నాలుగు స్వరాలే పలుకుతాయి. శ్రుతి కోసం సా, పా పట్టి ఉంచితే పాటకు మిగిలేవి రెండు. డోలక్, తబలా రిథమ్‌లు వీటిలో వెతకవద్దు. ఆర్కెస్ట్రాతో బతకాలనుకునేవాళ్లకు ఇండియన్ రిథమ్‌లు ఉన్న మామూలు కీబోర్డే సరైనది.

మెమరీని నమ్ముకోవడంలో నేను తిన్న దెబ్బ కూడా చెప్పాలి. మొత్తం 16 చోట్లూ నింపుకున్నాక, ఒక వానాకాలం సెల్లు కారతాయన్న భయంతో వాటిని తీసి పెట్టెను అటక మీద పెట్టాను. అడాప్టర్ కూడా తగిలించలేదు. ఆ మోడల్‌లో మనం చేసిన టోన్లు నిలిచేది ఆ సెల్ల కరెంటుతోనే. దసరాకు దించి చూస్తే ఒక్కటీ లేదు. కాగితం మీద రాసి పెట్టుకోని తప్పు నాదే. తాత అప్పటికే పోయాడు. ఇప్పుడున్న నపీర టోన్ మళ్లీ గుర్తు తెచ్చుకుని చేసింది, మొదటి దానంత బాగుందని నేను అనలేను. ఇప్పటి వాయిద్యాలకు ఈ గండం లేదు, సెల్లు తీసినా టోన్లు ఉంటాయి. పాతవాటికీ మిడి (ఎలక్ట్రానిక్ వాయిద్యాలను ఒకదానితో ఒకటి, కంప్యూటర్‌తో కలిపే పద్ధతి) దారి ఉంది. 1983లో వచ్చిన ఆ ప్రమాణం ఇప్పటికీ నడుస్తోంది. నా శిష్యుడొకడు కేబుల్ తగిలించి, నా టోన్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి లాగి పెట్టాడు.

ఇంత శ్రమ ఎందుకు, అసలు నపీరనే రికార్డు చేసి కీబోర్డ్‌లోకి ఎక్కించుకోవచ్చు కదా అని ఆ శిష్యుడే అడిగాడు. నిజమే, రోలాండ్ జూనో-డీఎస్ లాంటి వాటిలో బయట రికార్డు చేసిన శబ్దాలు ఎక్కించుకోవచ్చు. మామూలు సైజు మెట్లు, 61 మెట్ల మోడల్ ఎనిమిది ఏఏ సెల్లతో నడుస్తుంది. ఊదేవాళ్లు ఉన్నప్పుడు రికార్డు చేసి తీరాలి, ఆ పని నేను చేయలేకపోయాను. కానీ రికార్డు చేసిన ఊపిరి ప్రతిసారీ ఒకేలా వస్తుంది. మలిచిన టోన్‌లో స్వరం ఎంత కింద మొదలవ్వాలో, ఎంత సేపటికి ఎక్కాలో పాటను బట్టి మార్చుకోవచ్చు. పైగా పిచ్ వీల్‌ను (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం) రెండు మెట్లకు పెట్టుకుంటే గమకం పలికించవచ్చు. హార్మోనియంకు లేనిది అదే. స్వరాలు మెట్లకు కట్టేసినట్టు ఉంటాయని ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంను పక్కన పెట్టింది, 1971లో గాని ఆ కట్టుబాటు సడలలేదు. మా నాన్న ఆ మాట చెప్పినప్పుడల్లా బాధపడేవాడు.

మిర్చి రైతుకు చెప్పింది ఇది. పిల్లవాడికి పదేళ్లు, ఇంకా రెండు చేతులు కుదరలేదు. ఇప్పుడు పెద్ద మెట్ల మామూలు కీబోర్డే కొనండి, సగం డబ్బు మిగులుతుంది. ఆదివారాలు నా సీజెడ్ మీద కూర్చోబెడతాను. టోన్ కోసం వాడంతట వాడు గంట సేపు మీటలతో తంటాలు పడితే, చిన్న సింథసైజర్ సంగతి అప్పుడు చూద్దాం. ఆయన ఒప్పుకున్నాడు.

మీ పత్రిక ద్వారా రెండు కోరికలు. వరంగల్‌లో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, ఊరూరా కీబోర్డ్ ట్యూషన్లు ఉన్నాయి. వారానికి ఒక్క క్లాసు టోన్ తయారీకి ఇవ్వండి. ఒక పూర్తి టోన్ సొంతంగా చేసి వినిపించాకే పిల్లలను పై పాఠానికి పంపండి. రెండోది పాఠకులకు. ఐనవోలు, కొమురవెల్లి, కొత్తకొండ జాతరలకు వచ్చే బృందాల్లో నపీర ఊదగలిగినవాళ్లు, ఊదడం మానేసినా విని తప్పు చెప్పగలిగినవాళ్లు మీ ఊళ్లో ఉంటే ఈ పత్రికకు ఒక కార్డు రాయండి. నేనూ మా శిష్యుడూ రికార్డర్, ఆ పెట్టె పట్టుకుని వాళ్ల ఇంటికే వస్తాం.

ఇట్లు,
ఒక కీబోర్డ్ మాస్టారు,
కాజీపేట, హనుమకొండ జిల్లా