జవాబు కనుక్కోకు బావా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. ఎంబీఏ సీటు కోసం రాసే జీమ్యాట్ పరీక్షలో క్వాంట్ (గణిత విభాగం) లెక్కలన్నీ టకటకా చేసేసేవాడివి, డేటా సఫిషియెన్సీ దగ్గరికి వచ్చేసరికి తప్పుల మీద తప్పులు పోతున్నాయని ఒకటే గోల. నన్నడిగితే లెక్కలు బాగా వచ్చినవాళ్ళకే దీంతో ఎక్కువ తిప్పలు. ప్రశ్న కనిపిస్తే చాలు, జవాబు రాబట్టేదాకా మనకి నిద్ర పట్టదు. ఇక్కడ ఆ జవాబు ఎవడికీ అక్కర్లేదురా. ఒక ప్రశ్న, దాని కింద సమాచారంగా రెండు వాక్యాలు ఇస్తారు; వాటితో జవాబు తేలుతుందా లేదా, అంతే. తేలుతుందని తెలిసిన మరుక్షణం పెన్ను కింద పెట్టెయ్యాలి. నువ్వు పెట్టవు, అదీ నీ జబ్బు.

ముందు ఆ ఐదు ఆప్షన్లు బట్టీ పట్టెయ్. ఎప్పుడూ అదే వరసలో ఉంటాయి. మొదటి వాక్యం ఒక్కటే చాలితే ఎ, రెండోది ఒక్కటే చాలితే బి, రెండూ కలిస్తేనే చాలితే సి, దేనికదే చాలితే డి, కలిపినా చాలకపోతే ఇ. మొదటి వాక్యం చాలిందా, ఇక మిగిలేవి ఎ, డి మాత్రమే. చాలలేదా, బి, సి, ఇ. ఒక్క వాక్యం చూడగానే సగం పని అయిపోయింది కదా!

ఇప్పుడు ఈ లెక్క చూడు. కొన్ని 7 కిలోల పెట్టెలు, కొన్ని 11 కిలోల పెట్టెలు ఉన్నాయి. 7 కిలోలవి ఎన్ని? మొదటి వాక్యం: మొత్తం పెట్టెలు 12. రెండో వాక్యం: మొత్తం బరువు 100 కిలోలు. నువ్వేం చేస్తావో నాకు తెలుసు. తెలియనివి రెండు, సమీకరణాలు రెండు, కాబట్టి సి అని నొక్కేస్తావు. ప్రశ్న తయారుచేసినవాడు పన్నిన వల అదే. పెట్టెల్ని ముక్కలు చెయ్యలేం కాబట్టి ఇవి పూర్ణాంకాలే. వందలోంచి 11, 22, 33 అలా తీసేస్తూ పో, 44 తీసినప్పుడే మిగిలింది 7తో భాగించబడుతుంది. 56 అంటే 8 పెట్టెలు. ఇంకే విధంగానూ కుదరదు. అంటే రెండో వాక్యం ఒక్కటే చాలు, జవాబు బి. సి మరీ తేలిగ్గా దొరికిందంటే అనుమానించు. ఇంకో సంగతి. రెండు వాక్యాలూ ఎప్పుడూ నిజమే, ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఏ లెక్కలోనైనా మొదటి దాన్నుంచి నీకు 8, రెండో దాన్నుంచి 5 వచ్చాయంటే నీ లెక్కే తప్పిందన్నమాట.

అవును-కాదు ప్రశ్నల్లో తమాషా వేరు. ‘పూర్ణాంకం ఎన్ సరి సంఖ్యా?’ అని అడిగి, ఎన్ వర్గానికి 1 కలిపితే సరి సంఖ్య వస్తుందని ఇచ్చాడనుకో. అప్పుడు ఎన్ కచ్చితంగా బేసి. ‘కాదు’ అని తేలింది కదా, తేలితే చాలినట్టే. చాలామంది ‘కాదు’ రాగానే చాలలేదని కొట్టేస్తారు. ఒకసారి అవును, ఒకసారి కాదు అని వస్తేనే చాలనట్టు.

‘ఎక్స్ ధన సంఖ్యా?’ అన్న ప్రశ్నకి, ఎక్స్ వర్గం ఎక్స్ కంటే పెద్దది, ఎక్స్ ఘనం కూడా ఎక్స్ కంటే పెద్దది అని రెండు వాక్యాలిస్తే? 2 వేసి చూస్తే రెండూ సరిపోతాయి. మైనస్ 2 వేస్తే ఘనం దగ్గర దెబ్బ తింటుంది, దాంతో ‘ఎక్స్ ధనమే’ అనేస్తాం. మైనస్ అర వేసి చూడు. వర్గం పావు, ఘనం మైనస్ ఎనిమిదో వంతు, రెండూ మైనస్ అర కంటే పెద్దవే. కాబట్టి ఇ. పూర్ణాంకం అని వాడు చెప్పకపోతే నువ్వూ అనుకోకు. సున్నా, ఒకటి, ఒక భిన్నం, ఒక రుణ సంఖ్య వేసి చూడకుండా ముందుకి కదలకు.

పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నావేమో, అందులో జామెట్రీ పక్కన పెట్టెయ్. 2023 నవంబర్ నుంచి వచ్చిన కొత్త పరీక్షలో అది లేదు. డేటా సఫిషియెన్సీని కూడా క్వాంట్ నుంచి తీసి, పట్టికలూ గ్రాఫుల ప్రశ్నలుండే డేటా ఇన్‌సైట్స్ అనే విభాగంలో పెట్టారు. అక్కడ 45 నిమిషాల్లో 20 ప్రశ్నలు, స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ కూడా ఇస్తారు. ఈ రకం ప్రశ్నలకి దాన్ని ముట్టుకోవాల్సి వచ్చిందంటే నువ్వు మళ్ళీ జవాబు వెతుకుతున్నట్టే లెక్క! సగటున ఒక్కో ప్రశ్నకి రెండుంపావు నిమిషాలు వస్తాయి కానీ పట్టికలూ గ్రాఫులూ చాలా టైమ్ తినేస్తాయి. ఆ టైమ్ ఇక్కడే మిగుల్చుకోవాలి.

సరే, ఇదొకటి చేసి పంపు. పి, క్యూ రెండు ధన సంఖ్యలు. పి, క్యూ కంటే పెద్దదా? ఒకటి: పిలో సగం, క్యూ కంటే పెద్దది. రెండు: పికి రెట్టింపు, క్యూ కంటే పెద్దది. అక్షరం ఒక్కటి రాస్తే చాలు. అది అయ్యాక ‘ధన’ అన్న మాట కొట్టేసి మళ్ళీ చూడు, జవాబు మారుతుంది. ఎందుకు మారిందో మాత్రం వివరంగా రాయాలి, తప్పించుకోకు.

ఉంటాను మరి.