లాగిన్ లోపం మీది, జరిమానా నాకు: వసతి గృహ వైఫై నిర్వహణపై ఫిర్యాదు

తరమణి, చెన్నై

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: నాపై విధించిన 1,000 రూపాయల జరిమానా రద్దు, లాగిన్ పద్ధతి మార్పు గురించి.

అయ్యా,

ఇక్కడి మీ సిబ్బందికి ఆంగ్లంలో రెండుసార్లు రాసినా జవాబు రానందున, మీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నందున, ఈ లేఖను తెలుగులో నేరుగా మీకే పంపుతున్నాను.

మా విశ్వవిద్యాలయ వసతి గృహంలో ఇంటర్నెట్ నిర్వహణ మీ సంస్థది. సెమిస్టరుకు 3,000 రూపాయల రుసుము కడుతున్నాం. గత నెల 14వ తేదీ రాత్రి నా లాగిన్ మీద పైరసీ సినిమాలు డౌన్‌లోడ్ అయ్యాయంటూ తొమ్మిది రోజులు నా కనెక్షన్ ఆపేసి, పైగా జరిమానా వేశారు. ఆ రాత్రి నేను విజయవాడ వెళ్లే రైల్లో ఉన్నాను. ఫోను, ల్యాప్‌టాప్ రెండూ నా వెంటే ఉన్నాయి. టికెట్టు నకలు జతపరిచాను.

నా లాగిన్‌ను మరొకరు వాడుకోవడానికి పెద్ద నేర్పేమీ అక్కర్లేదు. మీరిచ్చిన యూజర్ ఐడీ గది నంబరు. పాస్‌వర్డ్ ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు. దాన్ని మార్చుకునే వీలు మీ పోర్టల్‌లో లేదు. నాలుగు అంకెలతో కుదిరేవి 10,000 కలయికలే, ఎన్నిసార్లు తప్పు కొట్టినా మీ పేజీ అడ్డుచెప్పదు. అసలు అంత శ్రమ కూడా అనవసరం, ఎందుకంటే మెస్ బకాయిల జాబితాలో మా గది నంబర్లూ ఫోన్ నంబర్లూ పక్కపక్కనే అచ్చై గోడ మీద ఉన్నాయి. తాళంచెవిని గుమ్మానికి వేలాడదీసి, దొంగతనం ఇంటివాడి మీదే మోపినట్టుంది. వైఫైకి విడిగా పాస్‌వర్డ్ లేదు, లాగిన్ పేజీకి సమాచారాన్ని గుప్తంగా పంపే హెచ్‌టీటీపీఎస్ లేదు; కాబట్టి మేం కొట్టే అంకెలు దగ్గర్లో కాపు కాసేవారికి తేటతెల్లంగా కనిపిస్తాయి.

నోటీసులో మీరు చూపిన మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) నా పరికరాలు వేటిదీ కాదు. అది చెబితే, "మార్చి ఉంటావు" అన్నారు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత చిరునామా ఇవ్వడం మామూలే కాబట్టి, ఆ ఒక్క ఆధారంతో ఎవరినీ దోషిగా తేల్చలేరు. ఆ పరికరం ఏ అంతస్తులోని వైఫై పెట్టెకు, అంటే యాక్సెస్ పాయింట్‌కు కలిసిందో, కనెక్షన్ల వివరాలు నమోదయ్యే లాగ్‌లో చూడమని అడిగాను. పాత లాగ్‌లు తీసేశామన్నారు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి; నలభై రోజులైనా నిండకముందే అవి ఎలా మాయమయ్యాయో రాతపూర్వకంగా తెలపండి.

మీ ఇంటర్నెట్ వేగం మీద నాకు ఫిర్యాదు లేదు, పరీక్షల వారంలో కూడా బాగానే పనిచేసింది. నేను కోరుతున్నదల్లా జరిమానాను రద్దు చేసి, ఆ సంగతి వార్డెన్ గారికి కూడా తెలియజేయడం. ప్రతి విద్యార్థికీ సొంత ఐడీ, తానే ఎంచుకునే పాస్‌వర్డ్ ఉండే ఎంటర్‌ప్రైజ్ పద్ధతికి మారడం. అనేక దేశాల విశ్వవిద్యాలయాలు పంచుకునే వైఫై సేవ ఎడ్యురోమ్ నడిచేది ఈ పద్ధతిలోనే. ఈలోగా, పక్క గదుల ల్యాప్‌టాప్‌లలోని ఫోల్డర్లు మాకు కనిపించకుండా క్లయింట్ ఐసొలేషన్ అయినా ఈ వారమే పెట్టించండి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
గది 214 విద్యార్థి

జతపరిచినవి: రైలు టికెట్టు, జరిమానా నోటీసు, గోడ మీది జాబితా ఫోటో (ఫోన్ నంబర్లు చెరిపివేసినది)