బ్లౌజులు ఆలస్యం, కారణం బాబిన్

సత్యనారాయణపురం షాపుకి వచ్చే అక్కలకి, అమ్మలకి నమస్కారం. ఆషాఢం డిస్కౌంట్లలో చీరలు కొని, శ్రావణ శుక్రవారాలకి కట్టుకుందామని బ్లౌజు పీసులు నా దగ్గర ఇచ్చి వెళ్ళారు. ఐదు రోజుల్లో ఇస్తానన్నది పది రోజులవుతోంది. కరెంటు పోయిందని ఒకరికి, పనమ్మాయి రాలేదని ఇంకొకరికి అబద్ధం చెప్పాను. అసలు కారణం బాబిన్.

మిషను పక్కన స్టూలు మీద పడుకునే ఎర్రచారల పిల్లి. పదమూడేళ్ళవాడు. ఎండాకాలంలో గిన్నె గిన్నె నీళ్ళు తాగేస్తుంటే, బెజవాడ ఎండలకి ఎవరు తాగరులే అనుకున్నాను. మే నెలాఖరున డాక్టరుగారు వాడి మెడ వెనక చర్మం రెండు వేళ్ళతో లేపి వదిలారు. ఇస్త్రీ మడతలా అలాగే నిలబడిపోయింది. ఒంట్లో నీరు తగ్గితే అలా అవుతుందట. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 4.6 వచ్చింది. 1.6 లోపు ఉండాలి. కిడ్నీలు ముప్పాతిక వంతు పాడయ్యాక గాని ఆ అంకె పెరగదట. తగ్గే జబ్బు కాదన్నారు.

జూన్‌లో మూడు రోజులు ఆసుపత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించారు. అంకె 3.8కి దిగింది. వాడు మాత్రం ఆ మూడు రోజులూ బోనులో గోడవైపు తిరిగి కూర్చున్నాడు, ముద్ద ముట్టలేదు. నెల తిరిగేసరికి 4.9. మళ్ళీ చేర్పిద్దామన్నారు, తినకపోతే మెడ దగ్గర గొట్టం పెట్టి తినిపించవచ్చన్నారు. వద్దన్నాను. డబ్బు కోసం కాదంటే అబద్ధమే. కానీ డబ్బొక్కటే అయితే ఇంకో రెండు మగ్గం వర్కులు ఒప్పుకునేదాన్ని. ఆ గోడవైపు తిరిగిన వీపు నేను మళ్ళీ చూడలేను.

ఇప్పుడు రోజు విడిచి రోజు రాత్రి, షాపులోనే, చర్మం కింద 100 మి.లీ. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ఎక్కిస్తున్నాను. పొద్దస్తమానం సూదితోనే బతికే దాన్ని, మొదటిరోజు చెయ్యి వణికిపోయింది. సీసాని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, మీ బ్లౌజులు వేలాడే కడ్డీకే తగిలిస్తాను. పది నిమిషాలు. అయ్యేసరికి వాడి భుజం మీద షోల్డర్ ప్యాడ్ పెట్టి కుట్టినట్టు ఉబ్బుతుంది. విసుగ్గా ఒళ్ళు దులుపుకుని, స్టూలెక్కి నాక్కుంటాడు. కిడ్నీ జబ్బున్న పిల్లుల కోసం చేసే తిండి తెస్తే వాసన చూసి వెళ్ళిపోయాడు. ఏమీ తినకపోవడం కన్నా ఏదో ఒకటి తినడం మేలన్నారు కాబట్టి ఉడికించిన చికెన్ పెడుతున్నాను.

మంచి మనసుతోనే ఒకరు డోలో బిళ్ళలో చిన్న ముక్క వేయమన్నారు. దయచేసి మీ ఇళ్ళలో ఎవరూ ఆ పని చేయకండి, పారాసిటమాల్ పిల్లికి విషం.

జబ్బుపడ్డ జంతువు బతుకు ఎంత బాగుందో చూసుకోవడానికి ఎలిస్ విల్లలోబోస్ అని అమెరికాలో పశువైద్యురాలు తయారుచేసిన పట్టిక ఒకటి ఉంది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, మంచి రోజులు ఎక్కువా చెడ్డ రోజులు ఎక్కువా అని ఏడు అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు. మొత్తం 35 దాటితే ఫరవాలేదన్నట్టు. కొలతల పుస్తకం చివరి పేజీలో ప్రతి ఆదివారం వేస్తున్నాను. పోయినవారం 46, ఈ వారం 41. సంతోషానికి ఎన్ని వేయాలో తెలియక బొబ్బిన్ కేసు గలగలలాడించి చూస్తాను. తల తిప్పితే ఐదు, దిగి వస్తే ఎనిమిది.

35 కిందకి వెళ్ళి అక్కడే ఉండిపోతే డాక్టరుగారిని ఇంటికి రమ్మని ఆఖరి ఇంజెక్షన్ వేయించాలనుకుంటున్నాను. మా అత్తయ్యకి ఇష్టం లేదు. "ప్రాణం పోయలేనివాళ్ళం, తీయడానికి మనమెవరం" అంటుంది. సెలైన్ సూది చూసినప్పుడేమో "నోరులేని జీవిని ఎందుకు పీడిస్తావే" అంటుంది. రెండూ నిజమే అనిపిస్తుంది నాకు, అందుకే ఆమెతో వాదించను.

ఇక మీ సంగతి. నిద్రలేక ఒక మంగళగిరి పట్టు బ్లౌజుకి వెనక మెడ ఎనిమిది అంగుళాలకి బదులు పది కోసేశాను. అదే రంగు పీసు నేనే కొనిచ్చి, కూలి తీసుకోకుండా కుట్టాను. ఇంకొకరు బ్లౌజుకి వాసన వస్తోందన్నారు, అదీ నిజమే. వాడికిప్పుడు ఉచ్చ ఎక్కువ, ఒక్కోసారి ఆగదు. అప్పటినుంచి కటింగ్ టేబుల్ దగ్గరకి రానివ్వడం లేదు. కుట్టినవి వెంటనే కవర్లో పెట్టి బీరువాలో వేస్తున్నాను.

దసరా దాకా మగ్గం వర్కు, అర్జెంటు ఆర్డర్లు ఒప్పుకోను. పది రోజులు ఆగలేనివాళ్ళు మొహమాటపడకుండా పీసు, అడ్వాన్సు తీసుకెళ్ళండి. షట్టరు తొమ్మిదిన్నరకి కాకుండా ఎనిమిదికే దించేస్తాను, ఆఫీసులకి వెళ్ళేవాళ్ళ కోసం ఆదివారం పదినుంచి ఒంటిగంటదాకా ఉంటాను. ఎనిమిది తర్వాత ఫోన్ ఎత్తకపోతే సూది చేతిలో ఉందనుకోండి, పావుగంటలో నేనే చేస్తాను.