మా క్లాసు ఎక్కడుందో చెప్పండి
(క్లబ్బు బైకు రేసుల సాంకేతిక సంఘం అధ్యక్షులవారికి బహిరంగ లేఖ)

అయ్యా,

నమస్కారం. చిన్న బైకుల క్లాసును పెద్దవాటితో కలిపేయడం గురించి ఇది నాలుగో లేఖ. మొదటి మూడూ మీకొక్కరికే రాశాను, మీరొక్కరే చదవకుండా వదిలేశారు. ఇది అందరి ముందూ పెడుతున్నాను. ఈసారి చదవకపోతే చదవలేదన్న సంగతైనా నలుగురికీ తెలుస్తుంది.

మొదటి లేఖకు ‘పరిశీలనలో ఉంది’ అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. రెండోదాని మీద చిన్న బైకుల వాళ్లమంతా సంతకాలు పెట్టాం. దానికి ఆ ఒక్క వాక్యం కూడా రాలేదు. మూడోది స్క్రూటినీ (రేసుకు ముందు జరిగే బైకు తనిఖీ) వరుసలో నిలబడి మీ చేతికే ఇచ్చాను. మీరు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, నా బైకు ఆయిల్ ఫిల్టరు ఊడిపోకుండా కట్టిన లాక్‌వైరు వదులుగా ఉందని వెనక్కు పంపారు. వైరు వదులుగా ఉన్న మాట నిజమే. బిగించుకుని మళ్లీ వచ్చాను. అంత సన్నని తీగలో వదులును పట్టుకున్న కళ్లు జేబులోని కాగితం మీద ఇంతవరకూ పడలేదంటే నమ్మడం కష్టంగా ఉంది.

విషయం మీకు తెలిసిందే. బైకులను విడదీసి పోటీ పెట్టే ఏడు క్లాసులు మూడయ్యాయి. ఇకపై ఇంజిన్ పరిమాణం చెప్పే సీసీలూ, సిలిండర్లూ లెక్కలోకి రావు. వెనక చక్రం దగ్గర డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) చూపించే హార్స్‌పవరే కొలబద్ద. 80 లోపు ఒకటి, 120 లోపు ఒకటి, ఆపైన అంతా మరొకటి. నాది 400 సీసీ నింజా. ఎంత పిండినా వెనక చక్రం దగ్గర 45 కు అటూ ఇటూగా ఇస్తుంది. నిన్నటిదాకా రెండు సిలిండర్ల పెద్ద బైకుల ట్విన్స్ క్లాసులో తిరిగిన, లోపలా బయటా పని చేయించిన సుజుకీ ఎస్‌వీ 650లు తమరి దయవల్ల ఇప్పుడు నా పక్కన నిలబడుతున్నాయి. 79 అయినా 45 అయినా 80 లోపే కదా! గుర్రాన్నీ గాడిదనూ ఒకే గాటన కట్టడం అంటే ఏమిటో చిన్నప్పుడు విన్నాను, ఇప్పుడు గ్రిడ్ మీద, అంటే రేసు మొదలయ్యే వరుసల్లో, చూస్తున్నాను. ఇందులో గాడిద నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను, దాని గురించి మనకు వాదన అక్కర్లేదు.

మార్పే వద్దని నేను అనడం లేదు. కొన్ని క్లాసుల్లో గ్రిడ్ మీద నాలుగే బైకులు నిలబడిన రోజులు నేనూ చూశాను. ట్రాక్ అద్దె భారం, క్లాసుకొక్క రేసు పెడితే ఒక్కొక్కరికి మిగిలే నిమిషాలు, ఇవన్నీ నాకూ తెలుసు. 600 సీసీ నాలుగు సిలిండర్ల బైకులు పలచబడుతున్నాయి. కొత్తగా వస్తున్న ఏప్రిలియా ఆర్‌ఎస్ 660, యమహా ఆర్7 లాంటివి పాత క్లాసుల గళ్లలో సరిగ్గా ఇమడవు. ప్రపంచ సూపర్‌స్పోర్ట్ పోటీలే 2022లో తలుపులు తీసి 955 సీసీ డుకాటీని, 765 సీసీ ట్రయంఫ్‌ను 600ల పక్కన నిలబెట్టాయి. గళ్లు మార్చాల్సిందే. గడి గీసేటప్పుడు లోపల ఎవరున్నారో ఒకసారి తొంగి చూడమని మాత్రమే అడుగుతున్నాను.

ఆ డైనో సంగతి ముందు చెప్పనివ్వండి. ఒకే బైకును రెండు డైనోల మీద పెడితే రెండు అంకెలు వస్తాయి. ఉదయం చల్లగాలిలో ఒకటి, మధ్యాహ్నం ఎండలో ఒకటి. టైరులో గాలి తగ్గితే ఒకటి, కట్టిన పట్టీలు బిగిస్తే మరొకటి. వాతావరణాన్ని బట్టి అంకెను సరిచేసే దిద్దుబాటు లెక్కలు ఉన్నాయంటారు, ఉన్నాయి, కానీ ఏ లెక్క వాడతారో మీ నిబంధనల్లో రాయలేదు. అంకె సరిగ్గా వచ్చిందనే అనుకుందాం. అది చెప్పేది బైకు అత్యధికంగా ఎంత ఇస్తుందన్న సంగతి ఒక్కటే. ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్‌ను కంప్యూటరే తెరిచి మూసే పెద్ద బైకును తీసుకోండి. సహజంగా 110 ఇచ్చేదాన్ని 79 దగ్గర ఆగేలా సరిచేసి తెస్తారు. అది మధ్య ఆర్‌పీఎంలోనే (ఇంజిన్ నడిమి వేగంలోనే) 79 అందుకుని చివరిదాకా బల్లపరుపుగా అక్కడే నిలుస్తుంది. కష్టపడి 79 కి చేరే బైకేమో ఆ అంకెను పైన ఒక్క రెప్పపాటు తాకి దిగిపోతుంది. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు ఈ రెండింటి మధ్య తేడా ఎంతో ఒక్కసారైనా మోకాలు నేలకు రాసుకున్నవాళ్లకు వివరించనక్కర్లేదు. మీ కాగితంలో మాత్రం రెండూ కవల పిల్లలు.

ఈ తూకం కుదర్చడం తేలిక కాదని పెద్ద పోటీలే చెబుతున్నాయి. ప్రపంచ సూపర్‌బైక్ 1988లో మొదలైనప్పుడు నాలుగు సిలిండర్లకు 750 సీసీ, రెండు సిలిండర్లకు 1000 సీసీ అన్నారు. ఎవరికి లాభమన్న తగవు ఏళ్ల తరబడి నడిచింది. 2003లో నాలుగు సిలిండర్లకూ 1000 ఇచ్చారు, 2008లో రెండు సిలిండర్లను 1200 దాకా పెంచారు. 2017లో వచ్చిన సూపర్‌స్పోర్ట్ 300 క్లాసునే చూడండి. 321 సీసీ యమహా ఆర్3, ఒకే సిలిండరు కేటీఎం 390, నా నింజా లాంటి 400 అన్నీ అందులో తిరిగాయి. బైకుకూ రైడరుకూ కలిపి కనీస బరువు పెట్టారు, ఒక్కో మోడలుకు ఆర్‌పీఎం హద్దు పెట్టారు, ఆ హద్దులను మళ్లీ మళ్లీ సవరించారు. 2025 సీజన్‌తో ఆ క్లాసే ముగిసి, దాని స్థానంలో స్పోర్ట్‌బైక్ క్లాసు వచ్చింది. అంత డబ్బూ, అంత మంది ఇంజినీర్లూ, ప్రతి ల్యాపు (ట్రాక్ చుట్టు) సమాచారమూ చేతిలో ఉన్నవాళ్లకే ఇన్నేళ్లు పట్టిన పనిని మన సంఘం ఒక్క సమావేశంలో ముగించింది. అభినందనలు. బరువు అన్న మాట మాత్రం మీ రెండు పేజీల ప్రకటనలో ఎక్కడా కనిపించలేదు.

ఇక ట్రాక్ మీద జరిగేది. స్ట్రెయిట్ (ట్రాక్‌లోని తిన్నని దారి) చివర నా బైకుకూ వెనక నుంచి వచ్చే 650కీ గంటకు 36 కిలోమీటర్ల తేడా ఉందనుకోండి, అంటే సెకనుకు 10 మీటర్లు. నేను బ్రేకు మీద వేలు వేసే లోపల అతను నన్ను దాటి ముందుకు వస్తాడు. అక్కడితో పోతే ఫరవాలేదు. బరువైన బైకు ఆలస్యంగా బ్రేకు వేసి, మలుపు మధ్యలో బాగా నెమ్మదించి, బైకును నిలబెట్టి, ఒక్కసారిగా థ్రాటిల్ తెరుస్తుంది. చిన్న బైకు బతికేది వేగం పోగొట్టుకోకుండా మలుపంతా ఒకే వంపులో తిరగడం మీద. ఆ వంపు మధ్యలో సరిగ్గా నా ముందు అతను దాదాపు ఆగినట్లు ఉంటాడు. నేను థ్రాటిల్ మూయాలి. మూస్తే నాకు మళ్లీ వేగం పుట్టదు. అతను బయటికి రాగానే వెళ్లిపోతాడు, తర్వాతి మలుపులో మళ్లీ ఇదే. అతని తప్పు లేదు, నా తప్పూ లేదు. ఇద్దరివీ వేర్వేరు దారులు. ఒకరి దారికి ఒకరు అడ్డం పడే చోటు మలుపు నడుమ, ఇద్దరి మోకాళ్లూ నేల మీద ఉండగా. భద్రత గురించి ప్రతి రైడర్ల సమావేశంలోనూ మీరు చెప్పే పది నిమిషాల మాటలు నాకు కంఠతా వచ్చు. ఈ చోటు గురించి ఆ పది నిమిషాల్లో ఏం చెబుతారో వినాలని ఉంది.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది ఇంకొకటి ఉంది.

కిందటి సీజన్ మొదట్లో, ఆ రైడర్ల సమావేశంలోనే, ‘మూడు సీజన్ల దాకా చిన్న క్లాసుల జోలికి రాము, ధైర్యంగా బైకులు తయారు చేసుకోండి’ అని మీ నోటితో మీరే అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. నేను గట్టిగానే కొట్టాను. ఆ మాట పట్టుకుని ఫోర్కు లోపలి భాగాలు మార్చాను, వెనక షాక్ మంచిది వేయించాను, వానకు వేరే చక్రాల జత కొన్నాను, పడి విరిగిన ఒక బైకు నుంచి ఇంజిన్ తెచ్చి విడిగా సిద్ధం చేసుకున్నాను. ఆరు నెలలు ఇంట్లో దేనికి డబ్బు అడిగినా ‘వచ్చే నెల’ అన్నాను. మూడు సీజన్లలో ఒక్కటి గడిచింది. రెండోది మొదలై సగం కాకముందే ప్రకటన వచ్చింది. అది కూడా శనివారం రాత్రి, ఆదివారం రేసుకు ముందు, టైమింగ్ గది తలుపుకు అంటించి. పొద్దున్నే ల్యాపు సమయాలు చూసుకుందామని వెళ్లినవాళ్లం అక్కడే నిలబడి చదువుకున్నాం.

ఆ మాట ఏమైందని అడిగితే మీ సంఘంలోని పెద్దమనిషి ఒకరు, ‘అయితే పెద్దది కొనుక్కోండి’ అన్నారు. ఎంత సులువైన పరిష్కారం, మాకు తట్టనే లేదు. నా బైకును ఎవరికి అమ్మాలో కూడా ఆయనే చెబితే బాగుండేది. క్లాసు లేని బైకును కొనేవాళ్లు ఎవరు? రోడ్డు మీదికి తీసుకువెళ్లడానికి దానికి లైట్లు లేవు, కాగితాలు లేవు. సాయంత్రాలన్నీ పోసి చేసుకున్న ఆ బైకు విలువ ఇప్పుడు విడిభాగాల విలువ.

నా సంగతి పోనివ్వండి, నేను ఎలాగో చివరి వరుసలో తిరుగుతాను. పక్క టెంటులో ఒక కుర్రవాడు ఉన్నాడు. ఆర్3 మీద ఈ ఏడాదే మొదలుపెట్టాడు. 2 నిమిషాల 8 సెకన్లలో ల్యాపు తిరుగుతాడు. పాత క్లాసులో ముందున్నవాడు 1 నిమిషం 58 లో తిరిగేవాడు. అర్హత సాధించాలంటే అందరికన్నా వేగవంతుడి సమయానికి 115 శాతం లోపు ఉండాలన్నది మన పాత నిబంధన. కుర్రవాడు దర్జాగా గ్రిడ్ మీదికి వచ్చేవాడు. ఇప్పుడు కలిపిన క్లాసులో ముందున్న 650 1 నిమిషం 50 లో తిరుగుతోంది. దానికి 115 శాతం అంటే 2 నిమిషాల 6.5 సెకన్లు. క్లాసులు మార్చారు, ఆ 115 ను మార్చడం మరిచిపోయారు. కుర్రవాడు పోయిన ఆదివారం తోలు సూటు వేసుకుని కంచె ఇవతల నిలబడి రేసు చూశాడు. ఎంట్రీ రుసుము వెనక్కు ఇవ్వరట, అది మాత్రం నిబంధనల్లో స్పష్టంగానే ఉంది.

2 నిమిషాల 5 సెకన్లతో నేను అర్హత సాధించాను. 10 ల్యాపుల రేసులో తొమ్మిదో ల్యాపులో వెనక నుంచి వచ్చేవాడికి దారి ఇవ్వమనే నీలం జెండా చూపించారు, మొదటివాడు నాకన్నా ఒక ల్యాపు ఎక్కువ తిరిగి నన్ను మళ్లీ దాటి వెళ్లాడు. ఆ ఎనిమిది ల్యాపులూ నా ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. కిందటేడు ఎనిమిదో స్థానం కోసం ముగ్గురం మొదటి మలుపు నుంచి చివరి మలుపు దాకా కొట్టుకునేవాళ్లం. రేసు అయ్యాక ఎక్కడ ఎవరు ఎవరిని దాటారో చీకటి పడేదాకా చెప్పుకునేవాళ్లం. ఎనిమిదో స్థానానికి కప్పు ఉండదు. అయినా నేను ఇన్నేళ్లుగా వస్తున్నది దానికోసమే. మీరు కలిపిన క్లాసులో బైకులు 27 ఉన్నాయని ప్రకటనలో గర్వంగా రాసుకున్నారు. 27 ఉన్నాయి, నిజం. నేను మాత్రం ఒంటరిగా తిరిగాను.

మేం అడిగినది రెండో లేఖలోనూ ఉంది, మూడో లేఖలోనూ ఉంది. ట్రాక్ సమయం ఒకటే కానివ్వండి, చిన్న బైకులను అర నిమిషం ఆగి రెండో వరుసగా వదలండి, ఫలితాలు విడిగా వేయండి, 115 శాతాన్ని మా మొదటివాడి సమయంతో లెక్కించండి. అదనంగా ఒక్క నిమిషం కూడా పట్టదు. మలుపుల గొడవ దీనితో పూర్తిగా తీరదని నాకూ తెలుసు, కొంతైనా తీరుతుంది. అది కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పండి. మూడు సీజన్ల మాట ఎందుకు తప్పారో చెప్పండి. ఏదో ఒకటి చెప్పండి. ‘పరిశీలనలో ఉంది’ అన్నది తప్ప.

వచ్చే రేసు ఎంట్రీ ఫారం నా ముందే ఉంది. పేరు రాశాను, బైకు నంబరు రాశాను, రక్తం గ్రూపు రాశాను, సంతకం చేశాను. క్లాసు అన్న గడిని ఖాళీగా వదిలి ఈ లేఖతో పాటే పంపుతున్నాను. అందులో ఏం రాయాలో మీరే నింపండి.

ఇట్లు,
లాక్‌వైరు బిగించుకుని వచ్చిన 400 సీసీ రైడరు